డ్వాక్రా సంఘాలు

డ్వాక్రా సంఘాలు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని గ్రామీణ మహిళల పొదుపు, పరపతి సంఘాలు. ఒకే వాడలో నివసించే పది నుండి పదిహేను మంది మహిళలు సంఘంగా ఏర్పడి, ప్రతి నెలా కొంత సొమ్ము పొదుపు చేసి, ఆ మొత్తాన్ని అవసరమైన వారికి తక్కువ వడ్డీపై అప్పుగా ఇచ్చుకుంటారు. కొంతకాలం సక్రమంగా నడిచిన సంఘానికి బ్యాంకు హామీ ఆస్తి లేకుండానే రుణం ఇస్తుంది. అధికారికంగా వీటిని స్వయం సహాయక సంఘాలు అంటారు. డ్వాక్రా పథకం 1999లోనే ముగిసినా, ప్రజల వ్యవహారంలో ఆ పేరే నిలిచిపోయింది. పొదుపు సంఘాలు, మహిళా సంఘాలు అనే పేర్లు కూడా వాడుకలో ఉన్నాయి.

2014లో రాష్ట్ర విభజన జరిగేనాటికి ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్‌లో సుమారు కోటి మంది మహిళలు ఈ సంఘాలలో సభ్యులుగా ఉండేవారు. దేశంలో ఈ విధానం అత్యంత విస్తృతంగా వ్యాపించిన రాష్ట్రాలలో ఆంధ్ర ప్రదేశ్ ముందు వరుసలో నిలిచింది. జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ రూపకల్పనకు ఇక్కడి అనుభవమే ప్రధాన ఆధారం. 2010లో దేశం దృష్టిని ఆకర్షించిన సూక్ష్మ రుణాల సంక్షోభం తలెత్తింది కూడా ఈ రాష్ట్రంలోనే.

పేరు

గ్రామీణ ప్రాంతాలలో మహిళా శిశు అభివృద్ధి అనే అర్థమిచ్చే ఆంగ్ల పేరులోని పదాల తొలి అక్షరాల కూర్పు డ్వాక్రా. కేంద్ర ప్రభుత్వం 1982లో, యూనిసెఫ్ సహకారంతో, సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకంలో అంతర్భాగంగా దీనిని దేశంలోని 50 జిల్లాలలో ప్రారంభించింది. సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద ఇచ్చే రుణాలు ఎక్కువగా కుటుంబ యజమాని పేరిట పురుషులకే చేరుతుండటంతో, మహిళలకు నేరుగా సహాయం అందించే ఉద్దేశంతో ఈ ఉపపథకాన్ని రూపొందించారు. 1999 ఏప్రిల్ 1న డ్వాక్రాతో సహా పలు పథకాలను విలీనం చేసి స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజన అనే కొత్త పథకాన్ని ప్రవేశపెట్టారు.

నేపథ్యం: వడ్డీ లెక్క

తెలుగు పల్లెలలో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలు అని లెక్కిస్తారు. రూపాయి వడ్డీ అంటే సంవత్సరానికి 12 శాతం, రెండు రూపాయల వడ్డీ అంటే 24 శాతం, ఐదు రూపాయల వడ్డీ అంటే 60 శాతం. భూమి, బంగారం వంటి తాకట్టు చూపలేని కుటుంబాలకు బ్యాంకులు రుణం ఇచ్చేవి కావు. అందువలన కూలి కుటుంబాలు, చిన్న రైతులు వడ్డీ వ్యాపారుల వద్ద మూడు నుండి ఐదు రూపాయల వడ్డీకి, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువకు అప్పు చేయవలసి వచ్చేది.

10,000 రూపాయల అప్పుపై అసలు తీర్చకుండా ఒక సంవత్సరం గడిస్తే చెల్లించవలసిన వడ్డీ ఈ విధంగా ఉంటుంది:

* ఐదు రూపాయల వడ్డీకి: 6,000 రూపాయలు
* మూడు రూపాయల వడ్డీకి: 3,600 రూపాయలు
* రెండు రూపాయల వడ్డీకి: 2,400 రూపాయలు
* రూపాయి వడ్డీకి: 1,200 రూపాయలు
* పావలా వడ్డీకి: 300 రూపాయలు

ఒక గేదెను కొన్న మహిళకు పాల మీద వచ్చే ఆదాయం ఇంటికి మిగులుతుందా, వడ్డీకే సరిపోతుందా అన్నది ఈ తేడాపైనే ఆధారపడి ఉంటుంది. సంఘాల చరిత్రలోని ముఖ్య ఘట్టాలన్నీ వడ్డీ ఎంత, దానిని ఎవరు నిర్ణయిస్తారు, వచ్చిన వడ్డీ ఎవరికి చేరుతుంది అనే ప్రశ్నల చుట్టూ తిరిగాయి.

చరిత్ర

సారా వ్యతిరేక ఉద్యమం, పొదుపు లక్ష్మి

డ్వాక్రా ప్రారంభమైన తొలి దశాబ్దంలో ఆంధ్ర ప్రదేశ్‌లో సంఘాల సంఖ్య పరిమితంగానే ఉండేది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో వచ్చిన మార్పు ఈ పరిస్థితిని తిరగరాసింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా రాత్రి బడులకు వచ్చిన మహిళలు, వాచకంలోని సారా వ్యసనం గురించిన పాఠాలను తమ ఇళ్ళలోని పరిస్థితులతో పోల్చుకుని చర్చించుకున్నారు. దూబగుంట గ్రామ మహిళలు తమ ఊరిలో సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ ఉద్యమానికి ప్రతీకగా నిలిచిన దూబగుంట రోశమ్మ రాష్ట్రమంతటా పేరు పొందింది. 1992లో ఉద్యమం ఇతర జిల్లాలకు పాకింది. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రంలో సారాను నిషేధించారు. 1995 జనవరిలో అమలులోకి వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు.

సారాకు పోయే సొమ్ము ఇంట్లో మిగలడంతో దానిని కూడబెట్టుకోవాలనే ఆలోచన నెల్లూరు జిల్లాలో పొదుపు ఉద్యమంగా మారింది. రోజుకు ఒక రూపాయి చొప్పున నెలకు 30 రూపాయలు దాచుకునే ఈ కార్యక్రమానికి పొదుపు లక్ష్మి అనే పేరు వచ్చింది. పది మంది సభ్యులున్న సంఘానికి ఈ లెక్కన ఏడాదికి 3,600 రూపాయలు సమకూరేవి. మొత్తం చిన్నదే అయినా, ఆసుపత్రి ఖర్చుకో, విత్తనాలకో వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా గడిచే వీలు కలిగింది. ప్రభుత్వ సహాయంతో మొదలయ్యే డ్వాక్రా పద్ధతికి, సొంత పొదుపుతో మొదలయ్యే ఈ పద్ధతికి ముఖ్యమైన తేడా ఇదే. తరువాతి కాలంలో రెండూ కలిసిపోయాయి.

బ్యాంకులతో అనుసంధానం

1992లో జాతీయ వ్యవసాయ, గ్రామీణాభివృద్ధి బ్యాంకు (నాబార్డు) స్వయం సహాయక సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే ప్రయోగాన్ని 500 సంఘాల లక్ష్యంతో ప్రారంభించింది. రిజిస్ట్రేషను లేని సంఘం పేరిట కూడా బ్యాంకులు పొదుపు ఖాతా తెరవడానికి, సంఘం పొదుపుకు కొన్ని రెట్లు రుణం ఇవ్వడానికి ఇది మార్గం వేసింది. సభ్యులందరూ కలిసి బాధ్యత వహించడమే ఈ రుణానికి హామీ. 1995లో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి అయిన తరువాత రాష్ట్ర ప్రభుత్వం సంఘాల ఏర్పాటును పెద్ద ఎత్తున చేపట్టింది. 1999లో ప్రారంభమైన దీపం పథకం కింద మహిళల పేరిట వంటగ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. సంఘాల ఉత్పత్తుల అమ్మకానికి డ్వాక్రా బజార్లు నిర్వహించారు.

సమాఖ్యల ఏర్పాటు

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సహాయంతో 1990ల మధ్య నుండి కర్నూలు, మహబూబ్ నగర్, అనంతపురం జిల్లాలలోని 20 మండలాలలో దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం అమలు జరిగింది. విడివిడి సంఘాలను గ్రామ స్థాయిలో, తరువాత మండల స్థాయిలో సమాఖ్యలుగా కూర్చే పద్ధతి ఇక్కడే రూపుదిద్దుకుంది. కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండల సమాఖ్య దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. అక్కడి మహిళలు పొదుపు, పరపతికి పరిమితం కాకుండా తమ సొంత పాఠశాలను కూడా నెలకొల్పారు.

ఈ అనుభవం ఆధారంగా రాష్ట్ర ప్రభుత్వం 2000లో గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్)ను స్థాపించింది. ప్రపంచ బ్యాంకు రుణంతో వెలుగు పథకం అదే ఏడాది ఆరు జిల్లాలలో మొదలై, తరువాత మిగిలిన గ్రామీణ జిల్లాలకు విస్తరించింది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో దీని పేరు ఇందిర క్రాంతి పథంగా మారింది. పట్టణ ప్రాంతాల కొరకు 2007లో పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ (మెప్మా) ఏర్పడింది.

నిర్మాణం, పనితీరు

సంఘాల వ్యవస్థ నాలుగు అంచెలుగా ఉంటుంది.

* సంఘం: 10 నుండి 15 మంది సభ్యులు. తమలో ఇద్దరిని నాయకురాళ్ళుగా ఎన్నుకుంటారు. బ్యాంకు ఖాతా వారి సంతకాలతో నడుస్తుంది.
* గ్రామ సమాఖ్య: గ్రామంలోని సంఘాలన్నిటి ప్రతినిధులతో ఏర్పడుతుంది. తెలంగాణలో గ్రామైక్య సంఘం అనే పేరు ప్రచారంలో ఉంది. లెక్కలు రాయడానికి గ్రామంలోని చదువుకున్న మహిళను సహాయకురాలిగా నియమించుకుంటారు.
* మండల సమాఖ్య: గ్రామ సమాఖ్యల ప్రతినిధులతో ఏర్పడుతుంది. వీటిలో చాలావరకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద నమోదయ్యాయి.
* జిల్లా సమాఖ్య: మండల సమాఖ్యల ప్రతినిధులతో ఏర్పడుతుంది.

సంఘం పాటించవలసిన ఐదు నియమాలను పంచసూత్రాలు అంటారు. అవి: క్రమం తప్పని సమావేశాలు, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు ఇచ్చుకోవడం, సకాలంలో తిరిగి చెల్లించడం, పుస్తకాల సక్రమ నిర్వహణ. రుణం మంజూరు చేసే ముందు బ్యాంకులు ఈ ఐదింటి ఆధారంగా సంఘానికి మార్కులు వేస్తాయి.

సమావేశంలో సభ్యులు పొదుపు, అప్పు కిస్తీలు అందరి ఎదుట జమ చేస్తారు. ఎవరికి ఎంత అప్పు ఇవ్వాలో చర్చించి తీర్మానాల పుస్తకంలో రాసి సంతకాలు చేస్తారు. చాలామంది సభ్యులు తొలిసారి తమ పేరు రాయడం నేర్చుకున్నది ఈ సంతకం కొరకే. అంతర్గత అప్పులపై సాధారణంగా రూపాయి నుండి రెండు రూపాయల వడ్డీ వసూలు చేస్తారు. ఈ వడ్డీ సంఘం నిధికే చేరుతుంది కనుక, అప్పు తీసుకున్న సభ్యురాలు చెల్లించిన సొమ్ములో ఆమెకు కూడా వాటా ఉంటుంది. వడ్డీ వ్యాపారి అప్పుకు, సంఘం అప్పుకు మధ్య గల మౌలిక భేదం ఇది.

వడ్డీ రాయితీ పథకాలు

2004లో రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పావలా వడ్డీ పథకాన్ని ప్రవేశపెట్టింది. నూటికి నెలకు పావలా, అనగా ఏడాదికి 3 శాతం వడ్డీని మాత్రమే సంఘం భరించాలి. బ్యాంకు వసూలు చేసే వడ్డీలో మిగిలిన భాగాన్ని ప్రభుత్వం తిరిగి చెల్లిస్తుంది. సకాలంలో కిస్తీలు కట్టిన సంఘాలకే ఈ రాయితీ వర్తించేది. 2012 జనవరి నుండి కిరణ్ కుమార్ రెడ్డి ప్రభుత్వం వడ్డీ లేని రుణాల పథకాన్ని అమలు చేసింది. అప్పటివరకు సంఘం భరిస్తున్న పావలా భారం కూడా ప్రభుత్వానికి మారింది.

2009లో అభయహస్తం పేరిట సభ్యులకు వృద్ధాప్య పింఛను పథకం ప్రారంభమయింది. సభ్యురాలు రోజుకు ఒక రూపాయి చెల్లిస్తే ప్రభుత్వం మరో రూపాయి జమ చేసేది. రాష్ట్ర విభజన తరువాత ఈ పథకం మొదటి రూపంలో కొనసాగలేదు. 2011లో మండల సమాఖ్యలు, ప్రభుత్వం కలిసి స్త్రీనిధి అనే పరపతి సహకార సంస్థను స్థాపించాయి. అత్యవసరాలకు 48 గంటలలో రుణం అందించడం దీని లక్ష్యం. విభజన తరువాత రెండు రాష్ట్రాలలో వేర్వేరు స్త్రీనిధి సంస్థలు పనిచేస్తున్నాయి.

సూక్ష్మ రుణ సంస్థల సంక్షోభం

సంఘాలు విస్తరించిన కాలంలోనే ప్రైవేటు సూక్ష్మ రుణ సంస్థలు కూడా రాష్ట్రంలో వేగంగా పెరిగాయి. సంఘాలు కట్టిన క్రమశిక్షణ, సమష్టి బాధ్యత, ప్రతివారం గుమిగూడే అలవాటు ఈ సంస్థలకు సిద్ధంగా లభించాయి. ఇవి బ్యాంకు వద్ద తెచ్చిన సొమ్మును 24 శాతం నుండి 30 శాతం, అంతకు మించిన వడ్డీకి మహిళలకు ఇచ్చి, వారం వారం కిస్తీలు వసూలు చేసేవి. పొదుపు లేదు, అంతర్గత నిధి లేదు, వడ్డీ సంస్థకు చేరేది. ఒకే మహిళకు మూడు నాలుగు సంస్థలు అప్పు ఇచ్చిన సందర్భాలు అనేకం. ఒకరి కిస్తీ కట్టడానికి మరొకరి వద్ద అప్పు చేయడం సాధారణమయింది.

2006లో కృష్ణా జిల్లాలో వసూళ్ళ పద్ధతులపై ఫిర్యాదులు రావడంతో జిల్లా యంత్రాంగం కొన్ని సంస్థల శాఖలను మూసివేయించింది. 2010లో సమస్య తీవ్రమయింది. కిస్తీ కట్టలేని మహిళ ఇంటి ముందు సిబ్బంది బైఠాయించడం, మిగిలిన సభ్యులచేత నిందలు వేయించడం వంటి ఘటనలు, వాటి వెంట పదుల సంఖ్యలో ఆత్మహత్యలు పత్రికలలో వచ్చాయి. 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు జారీ చేసింది. తరువాత అది చట్టమయింది. దాని ముఖ్యాంశాలు:

* ప్రతి సంస్థ జిల్లా అధికారి వద్ద నమోదు చేసుకోవాలి.
* వసూలు చేసే మొత్తం వడ్డీ అసలును మించరాదు.
* రుణగ్రహీత ఇంటికి వెళ్ళి వసూలు చేయరాదు. గ్రామ పంచాయితీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే వసూలు చేయాలి.
* కిస్తీలు వారానికి కాక నెలకు ఒకసారి ఉండాలి.
* సంఘ సభ్యులకు అదనపు రుణం ఇవ్వడానికి ముందుగా అనుమతి పొందాలి.

దీనితో రాష్ట్రంలో ఈ సంస్థల వసూళ్ళు దాదాపు నిలిచిపోయాయి. చట్టాన్ని సమర్థించినవారు ఇది మహిళల ప్రాణాలకు రక్షణ కల్పించిందన్నారు. విమర్శించినవారు అప్పు దొరికే ఒక మార్గం మూతపడి పేదలు తిరిగి వడ్డీ వ్యాపారుల వద్దకు వెళ్ళవలసి వచ్చిందన్నారు. వై.హెచ్. మాలెగాం కమిటీ 2011 జనవరిలో ఇచ్చిన నివేదిక తరువాత రిజర్వు బ్యాంకు ఈ సంస్థల వడ్డీపై 26 శాతం పరిమితిని విధించింది. 2022లో రిజర్వు బ్యాంకు వడ్డీ పరిమితి విధానాన్ని తొలగించి, కుటుంబ ఆదాయంలో కిస్తీలు సగానికి మించరాదనే నియమం తెచ్చింది. రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన సంస్థలకు రాష్ట్ర చట్టం వర్తించదని 2023లో తెలంగాణ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

జీవనోపాధులు

సభ్యులు తీసుకున్న రుణాలతో చేపట్టిన పనులలో పాడి పశువులు, గొర్రెలు, మేకల పెంపకం, కిరాణా కొట్లు, కుట్టుపని, పచ్చళ్ళు, అప్పడాల తయారీ, కూరగాయల వ్యాపారం ముఖ్యమైనవి. వీటిలో చాలావరకు ఒక్క మనిషి శ్రమతో నడిచే చిన్న పనులు. సమాఖ్యలు చేపట్టిన సమష్టి కార్యక్రమాలలో కిందివి చెప్పుకోదగినవి.

* ధాన్యం కొనుగోలు: గ్రామ సమాఖ్యలు ప్రభుత్వం తరఫున రైతుల వద్ద మద్దతు ధరకు ధాన్యం కొని కమిషను పొందుతాయి. ఈ కేంద్రాలను నేటికీ ఐకెపి కేంద్రాలు అని పిలుస్తారు. తూకం, తేమ పరీక్ష, లెక్కలు మహిళలే నిర్వహించడం దీని విశేషం.
* పురుగుమందులు లేని సాగు: 2004-05 ప్రాంతంలో సమాఖ్యల ద్వారా ప్రారంభమయింది. 2016లో ఆంధ్ర ప్రదేశ్‌లో మొదలైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా మహిళా సంఘాల ఆధారంగానే విస్తరించింది.
* పెద్ద వ్యాపారాలు: తెలంగాణలో 2024లో ఇందిరా మహిళా శక్తి కార్యక్రమం ప్రారంభమయింది. 2025లో నారాయణపేటలో జిల్లా సమాఖ్య నిర్వహణలో పెట్రోలు బంకు మొదలయింది. సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకు ఇచ్చే ఏర్పాటు కూడా అదే ఏడాది అమలులోకి వచ్చింది.

ప్రభావం

సంఘాల వలన గ్రామీణ మహిళలకు బ్యాంకు గడప పరిచయమయింది. మండల కార్యాలయానికి వెళ్ళి మాట్లాడటం, సభలో లేచి నిలబడి ప్రశ్నించడం అలవడింది. సంఘ నాయకురాళ్ళు అనేకులు స్థానిక సంస్థల ఎన్నికలలో పోటీ చేసి గెలుపొందారు. చేతిలో బ్యాంకు అప్పు ఉన్నందున వడ్డీ వ్యాపారితో బేరమాడగల స్థితి ఏర్పడింది.

రుణం దానంతట అదే వ్యాపారంగా మారదు. సంఘం అప్పులో గణనీయమైన భాగం పిల్లల చదువు, వైద్యం, పెళ్ళి ఖర్చులు, ఇంటి మరమ్మతు, పాత బాకీల తీరుబడికి పోతుంది. అనేక కుటుంబాలలో సొమ్ము భర్త వ్యవసాయంలోకి వెళ్ళి, కిస్తీ కట్టే బాధ్యత మాత్రం భార్యపై మిగులుతుంది. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితర ఆర్థికవేత్తలు హైదరాబాదులోని 104 బస్తీలలో సూక్ష్మ రుణాలపై జరిపిన అధ్యయనం 2015లో ప్రచురితమయింది. అంతకుముందే వ్యాపారం ఉన్న కొన్ని కుటుంబాలు రుణంతో దానిని పెంచుకున్నాయనీ, ఆరోగ్యం, విద్య, ఇంటి నిర్ణయాలలో మహిళల పాత్ర విషయంలో చెప్పుకోదగిన మార్పు కనబడలేదనీ ఆ అధ్యయనం తేల్చింది. అది సొంత పొదుపు లేని రుణాల గురించిన అధ్యయనం కనుక సంఘాలకు యథాతథంగా వర్తించదు. అయినా అప్పు ఒక్కటే సాధికారత కాదనే విషయానికి ఇది తరచుగా ఉదాహరింపబడుతుంది.

రాజకీయాలు, విమర్శలు

కోటి మంది సభ్యులున్న సంఘాలు సహజంగానే రాజకీయ పార్టీల దృష్టిలో పడ్డాయి. 2014 ఎన్నికలలో ఆంధ్ర ప్రదేశ్‌లో తెలుగుదేశం పార్టీ డ్వాక్రా రుణాల మాఫీని వాగ్దానం చేసింది. అధికారంలోకి వచ్చిన తరువాత ప్రతి సభ్యురాలికి 10,000 రూపాయలు విడతలుగా ఇచ్చారు. 2019 ఆరంభంలో పసుపు-కుంకుమ పేరిట మరో 10,000 రూపాయలు మూడు చెక్కులుగా అందించారు. మాఫీ కొరకు ఎదురుచూస్తూ కొన్ని సంఘాలు కిస్తీలు ఆపివేయడంతో వడ్డీ రాయితీ అర్హతను కోల్పోయాయి. 2019లో అధికారంలోకి వచ్చిన వై.ఎస్.ఆర్. కాంగ్రెస్ ప్రభుత్వం, 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న రుణ బకాయి మొత్తాన్ని వై.ఎస్.ఆర్. ఆసరా పథకం కింద 2020 నుండి 2024 వరకు నాలుగు విడతలలో సంఘాల ఖాతాలకు జమ చేసింది. దీని మొత్తం సుమారు 25,000 కోట్ల రూపాయలు.

సంఘాలపై వచ్చే ఇతర విమర్శలు:

* నెల నెలా పొదుపు చేయలేని నిరుపేదలు, వలస కూలీలు సంఘాల వెలుపలే ఉండిపోవడం.
* నాయకురాళ్ళు లేదా లెక్కలు రాసేవారు సభ్యుల పేరిట రుణం వాడుకోవడం.
* బ్యాంకు రుణాన్ని అవసరంతో నిమిత్తం లేకుండా అందరూ సమానంగా పంచుకోవడం.
* ప్రభుత్వ, పార్టీ సభలకు సభ్యులను జన సమీకరణగా తరలించడం.
* తయారు చేసిన వస్తువులకు నిలకడైన మార్కెట్టు లేకపోవడం.

ఇతర రాష్ట్రాలపై ప్రభావం

కేంద్ర ప్రభుత్వం 2011 జూన్‌లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌ను ప్రారంభించింది. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య అనే అంచెల విధానాన్ని అది ఆంధ్ర ప్రదేశ్ నుండి స్వీకరించింది. సెర్ప్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారిగా పనిచేసిన టి. విజయ కుమార్ ఆ మిషన్ తొలి సంవత్సరాలలో దాని బాధ్యతలు నిర్వహించారు. తెలుగు ప్రాంతాలలో సంఘాలు నడిపి అనుభవం గడించిన సాధారణ గ్రామీణ మహిళలు బీహారు వంటి రాష్ట్రాలకు వెళ్ళి, అక్కడి పల్లెలలో వారాల తరబడి ఉండి కొత్త సంఘాలను ఏర్పాటు చేశారు. దేశవ్యాప్తంగా ఈ మిషన్ పరిధిలోని సంఘాలలో సభ్యుల సంఖ్య సుమారు 10 కోట్లకు చేరింది.